చుక్క నెయ్యి లేని కూర

బెల్లం వండే పెద్ద పెనం ఒకటి అడుగు చిల్లిపడి మూలకు చేరితే, దాని అంచు రేకు కోసి, కొలిమిలో ఎర్రగా కాల్చి, సుత్తి దెబ్బలతో గుంటగా సాగదీసి నన్ను చేశాడు బొబ్బిలి దగ్గరి ఒక కమ్మరి. అలా నేను ఇనుప మూకుణ్ణయ్యాను. రెండు చెవులున్నాయి, నోరు మాత్రం లేదు. ఉన్న చెవులు పట్టుకోవడానికే అనుకుంటారు మనుషులు. వినడానికి కూడా పనికొస్తాయని వాళ్లకు తెలియదు కాబట్టే నా దగ్గర ఏమీ దాచుకోరు.

నన్ను సంతలో కొన్నది వరహాలమ్మ. ఆవిడ చేతిలో చాలాకాలం వేగాను. ఆవిడ పోయాక విజయనగరంలో ఉన్న కొడుకు గౌరీశ్వరరావు ఇంటికి చేరాను. అతను ఆర్టీసీలో కండక్టరు. భార్య హైమవతి హైస్కూల్లో సైన్సు టీచరు. పిల్లలు లేరు. నా అసలు కథ గౌరీశ్వరరావు ఉద్యోగం నుంచి దిగి వంటింట్లోకి ఎక్కినప్పటి నుంచి మొదలవుతుంది.

అంతకు ఏడాది ముందే హైమవతి పాలు మానేసింది. ఒకరోజు పాలవాడు రాకపోతే తనే గిన్నె పట్టుకుని వెనక వీధిలోని పాకకు వెళ్లింది. అక్కడ చచ్చిపోయిన దూడ తోలులో గడ్డి కుక్కి, కర్రలకు కట్టి గేదె ముందు నిలబెట్టారు. గేదె ఆ గడ్డిబొమ్మను తన దూడే అనుకుని నాకుతూ పాలు చేపుతోంది. హైమవతి ఖాళీ గిన్నెతో తిరిగొచ్చి, ఆ రోజు కాఫీ తాగలేదు. మర్నాడు పెరుగు వేసుకోలేదు. ఆ తర్వాత నెయ్యి ముట్టలేదు.

"నన్ను కూడా మానేయమంటావేటి?" అని అడిగాడు గౌరీశ్వరరావు బెదురుగా.

"మీ ఇష్టం మీది. నాకు మాత్రం ఆ గేదె మొహమే కనిపిస్తంది. నాకు పెట్టకండి, అంతే."

అతను రిటైరయ్యాడు. ఆవిడకింకా సర్వీసుంది. పొద్దున్నే బడికి పరిగెత్తే మనిషి వండిపెడితే తను కూర్చుని తినడం బాగోలేదనిపించి, వంట తన మీద వేసుకున్నాడు. బస్సులో నిలబడి టిక్కెట్లు కొట్టిన మనిషికి పొయ్యి ముందు నిలబడటం ఏమంత కష్టమని అతని ధీమా. హైమవతికి బంగాళాదుంపలంటే ప్రాణం. అందుకని దుంపలతోనే మొదలుపెట్టాడు. ఒకరోజు ముక్కలు నాకంటుకుని మాడేవి, ఒకరోజు ముద్దయిపోయేవి. ఉప్పూ కారాలు సరిగ్గా పడినా కూరకు నిండుదనం వచ్చేది కాదు. హైమవతి ఏమీ అనకుండా తినేది. ఆ ఏమీ అనకపోవడమే అతన్ని తినేసేది.

ఒక ఉదయం తన కోసం నాలో వెన్న కాచుకున్నాడు. నెయ్యి సీసాలోకి వంపాడు. అడుగున ఎర్రటి గసి మిగిలింది, చుట్టూ నేతి తడి. తోమాలి. బద్ధకించాడు. గుడ్డతో అలా ఒక్క తుడుపు తుడిచి, నూనె పోసి, వెల్లుల్లి, ఇంగువ, కరివేపాకు దండిగా వేసి, ఉడికిన దుంపలు నాలో పోశాడు. ముక్కలు బంగారు రంగు తిరిగి, అంచులు కరకరలాడుతూ వేగాయి. అది నేతి మహిమని నాకు అప్పుడే తెలుసు.

మధ్యాహ్నం బడి నుంచి వచ్చిన హైమవతి మొదటి ముద్దకే తలెత్తి చూసింది.

"ఏటండీ ఇవాళ కూర ఇంత బాగుంది? ఏం చేసీరు?"

అతను నోరు తెరిచాడు. చెబుదామనే తెరిచాడు, నేను సాక్షిని. కానీ ఆవిడ రెండోసారి వడ్డించుకుంటోంది. ముప్పై ఏళ్లు బస్సులో చిల్లర కోసం తిట్లు తిన్న మనిషిని ఎవరో మొదటిసారి మెచ్చుకుంటున్నారు. తెరిచిన నోరు, "చెయ్యి తిరిగిందిలే" అని మూసుకుంది.

మర్నాడు నన్ను శుభ్రంగా తోమి, నిజమైన కూర చేశాడు. హైమవతి తిని, "నిన్నటిలా లేదు" అంది. చెడ్డగా అనలేదు, నవ్వుతూనే అంది. ఆ మర్నాడు అతను సీసా మూత తీశాడు. చెంచాడు నెయ్యి నాలోకి జారింది. వీధి తలుపు వేసే ఉన్నా, ఒకసారి వెనక్కి తిరిగి చూశాడు.

ఆ తర్వాత అలవాటైపోయింది. ఆవ పెట్టిన కూరలోనూ నెయ్యే, దుంపల కుర్మాలోనూ నెయ్యే. ప్రతిసారీ ఇదే ఆఖరు అనుకునేవాడు. పైకే గొణుక్కునేవాడు, వంటింట్లో నేను తప్ప ఎవరూ లేరు కదా. "ఒంటికి బలమే కదా, విషమేం కాదు కదా" అని తనకు తానే నచ్చజెప్పుకునేవాడు. ఆవిడ మెచ్చుకుంటే మాత్రం ఇదివరకటిలా పొంగిపోయేవాడు కాదు. తల వంచుకుని గబగబా తినేసి లేచిపోయేవాడు. హైమవతి దాన్ని సిగ్గనుకునేది. భర్త మీద ముచ్చటపడి, బళ్లో అందరికీ చెప్పింది. "పాలూ నెయ్యీ లేకుండా దుంపలు ఎంత కమ్మగా వండొచ్చో మా ఆయన దగ్గర నేర్చుకోండి" అని.

ఆ మాట విన్నవాళ్లలో షమీమ్ అనే టీచరుంది. ఆవిడ కూతురు ఆఫ్రీన్‌కు పాలు పడవు. కొందరికి అజీర్తి చేసినట్టు పడకపోవడం కాదు. పాలబొట్టు లోపలికి వెళితే ఒళ్లంతా దద్దుర్లు, ఊపిరాడదు. పెళ్లిళ్లకు వెళ్లినా ఆ పిల్ల తన డబ్బాలోది తనే తినాలి. పక్కవాళ్ల విస్తళ్లలోకి చూస్తూ తింటుంది.

ఒక ఆదివారం హైమవతి వాళ్లిద్దర్నీ భోజనానికి పిలిచింది. పిలిచినట్టు భర్తకు చెప్పలేదు. అతని వంట గురించి ఎవరైనా పొగుడుతుంటే చూడాలని ఆవిడ సరదా. అతను కుర్మా దించి నన్ను తెచ్చి బల్ల మీద పెట్టేసరికి గుమ్మంలో షమీమ్, ఆఫ్రీన్ చెప్పులు విడుస్తున్నారు.

"మా దుంపల కూర కోసం వచ్చీరండీ" అంది హైమవతి మెరిసిపోతూ. "పాపకి పాలు పడవుట. ఎక్కడా ఏమీ తినదుట. మనింట్లో భయం లేదని నేనే రమ్మన్నాను."

గౌరీశ్వరరావు కుర్చీ పట్టుకుని నిలబడిపోయాడు. అప్పుడే చెప్పొచ్చు. చెప్పలేదు. "పాపకి... వేరే ఏదైనా చేస్తాను. పులిహోర కలుపుతాను, క్షణంలో" అన్నాడు.

"ఎందుకండీ శ్రమ, మేడమ్ రోజూ ఈ కూర గురించే చెప్తారు" అంది షమీమ్.

"తినమ్మా, ఏం కాదు. చుక్క నెయ్యి కూడా ఉండదు" అంటూ హైమవతి పిల్ల కంచంలో పెద్ద గరిటెడు వేసింది.

ఆఫ్రీన్ తల్లివైపు చూసింది. తల్లి తల ఊపింది. పిల్ల నవ్వుతూ ముద్ద చేసుకుని నోటిదాకా తీసుకెళ్లింది. పెదవికి తగిలింది.

గౌరీశ్వరరావు బల్ల మీదుగా వంగి ఆ చేతిని ఒక్క తోపు తోశాడు. కంచం బోర్లాపడింది. కూర పిల్ల గౌను మీదంతా పడింది. ఆఫ్రీన్ బెదిరి గట్టిగా ఏడ్చింది.

"ఏటండీ ఇది! మతిపోయిందేటి మీకు?" అని అరిచింది హైమవతి.

"నెయ్యుంది" అన్నాడతను. ఎవరికీ వినపడలేదు. మళ్లీ అన్నాడు. "అందులో నెయ్యుంది హైమా. పాపకి పెట్టకండి."

షమీమ్ పిల్లను ఎత్తుకుని కుళాయి దగ్గరకు పరిగెత్తింది. కూతురి చేతులూ నోరూ కడిగి, సంచిలోంచి మందు తీసి పట్టింది. పిల్ల పెదవి అప్పటికే ఒక పక్క ఉబ్బుతోంది. ఆటో పిలిచి ఆసుపత్రికి తీసుకెళ్లారు. హైమవతి కూడా వాళ్లతో వెళ్లింది. వెళుతూ భర్తవైపు చూడలేదు.

నేనూ అతనూ మిగిలాం. నాలో ఇంకా సగం కూర ఉంది. అతను నేల మీద పడిన మెతుకులు ఒక్కొక్కటే ఏరాడు. గుడ్డతో తుడిచాడు. తుడిచిన చోటే మళ్లీ తుడిచాడు. వీధిలో ఆటో చప్పుడైన ప్రతిసారీ గుమ్మంలోకి పరిగెత్తి, ఎవరూ కనిపించక తిరిగొచ్చాడు. నా సంగతంటారా, వేడెక్కడం తప్ప నేను చేయగలిగిందేమీ లేదు. అయినా ఆ నెయ్యి కలిసింది నా కడుపులోనే కదా అని ఆ మధ్యాహ్నమంతా అనిపించింది.

పొద్దుగూకేవేళ హైమవతి ఒక్కతే వచ్చింది.

"పాప?" అని లేచాడు.

"తగ్గింది. ఇంటికి పంపించీసేరు." ఆవిడ కుర్చీలో కూర్చుంది. "ఎన్నాళ్లనుంచి వేస్తున్నారు?"

"నువ్వు మొదటిసారి బాగుందన్నావే... ఆ రోజు నుంచి."

అతను ఏడుస్తున్నాడు. ఆవిడ ఏడవలేదు.

"నాచేత నెయ్యి తినిపించీరు. సరే, అది మీకూ నాకూ మధ్య మాట. ఆ పిల్లకి 'తినమ్మా, ఏం కాదు' అన్నది ఎవరు? నేను. నా నోటితో ఆ అబద్ధం చెప్పించీరు కదండీ."

"బాగుందంటావని... అంతే హైమా. ఇంకేం లేదు."

"బాగోలేకపోయినా తిన్నాను కదా. ఎప్పుడైనా వద్దన్నానా?"

అతను మిగిలిన కూరను పెరట్లో పారబోసి వచ్చాడు.

మర్నాడు నన్ను పెరట్లోకి తీసుకెళ్లాడు. కట్టెలు పేర్చి, మంట మీద బోర్లించి, నాలో ఇంకిన నెయ్యంతా పొగై పోయేదాకా కాల్చాడు. ఇటుకపొడి పెట్టి చర్మం లేచిపోయేలా రుద్దాడు. ఎన్నో ఏళ్ల నల్లటి నిగనిగ పోయి నేను బూడిదరంగులోకి తిరిగాను. కొలిమి నుంచి వచ్చిన రోజు కూడా నేనంత బోసిగా లేను. తర్వాత వేరుశనగ నూనె రాసి, కాచి, మళ్లీ రాసి మెల్లగా దారిలో పెట్టాడు. తన పాలూ పెరుగూ కూడా ఇంట్లోకి తేవడం మానేశాడు. ఆవిడ అడగలేదు.

ఆ రోజు నుంచి అతను పొయ్యి వెలిగిస్తే హైమవతి వంటింటి గుమ్మంలోకి వచ్చి నిలబడేది. బడికి ఆలస్యమవుతున్నా కూర దించేదాకా నిలబడేది. అతను ప్రతి డబ్బా ఆవిడకు కనిపించేలా మూత తీసేవాడు. ఆ చూపు వీపు మీద పడుతుంటే అతని చేతుల్లో గరిటె తడబడేది. అయినా ఎందుకు నిలబడ్డావని అడిగే ధైర్యం లేదు. అడిగే హక్కు లేదని కూడా అతనికి తెలుసు.

కూరలు మళ్లీ మొదటికొచ్చాయి. అంటుకున్నాయి, చప్పబడ్డాయి. ఆవిడ తింటూనే ఉంది. అతను తన తల్లి ఏం చేసేదో గుర్తుతెచ్చుకుంటూ నువ్వులు వేయించి దంచాడు. ఆ నువ్వుపిండి, చింతపండు పులుసు, కాస్త బెల్లం వేసి దుంపల్ని సన్నసెగ మీద మగ్గనిచ్చాడు. తొందరపడకుండా కూర్చున్నాడు. ఏదో కమ్మదనం నెయ్యి లేకుండానే దుంపల్లోకి దిగడం నాకు తెలిసింది. గుమ్మంలోంచి అంతా చూసిన హైమవతి ఆ కూర తింది, బాగుందని మాత్రం అనలేదు. అతను కూడా ఆ మాట కోసం చూడలేదు.

షమీమ్ ఇంటికి వెళ్లి గౌరీశ్వరరావు క్షమించమన్నాడు. ఆవిడ కూర్చోమంది, టీ ఇచ్చింది, "చెయ్యి తోసీరు కాబట్టి సరిపోయింది" అంది. చాలాకాలానికి హైమవతి పిలుపు మీద ఆఫ్రీన్‌ను వెంటబెట్టుకుని మళ్లీ వచ్చింది. పిల్ల చేతిలో డబ్బా ఉంది.

ఆ రోజు హైమవతి బళ్లో పరీక్షలు. వంటవేళకు ఇంట్లో లేదు. వాళ్లతో పాటే వచ్చింది. గౌరీశ్వరరావు ఒక్కడే వండాడు. వండుతూ మాటిమాటికీ ఖాళీ గుమ్మంవైపు చూశాడు.

అందరూ బల్ల చుట్టూ కూర్చున్నారు. ఆఫ్రీన్ డబ్బా తెరుచుకుని, నాలోకి తొంగిచూసింది. "అమ్మీ, కొంచెం?" అంది. షమీమ్ గౌరీశ్వరరావు వైపు చూసింది.

"వద్దమ్మా" అన్నాడు గౌరీశ్వరరావు. "మీ అమ్మ పెట్టిందే తిను. బాగుంటుంది." అని తనే ఆ పిల్ల గ్లాసులో నీళ్లు పోశాడు.

పిల్ల సరేనని తినసాగింది. అతను హైమవతి దగ్గరకొచ్చి, కంచంలో కూర వెయ్యకుండా గరిటె పట్టుకుని నిలబడ్డాడు.

"ఇవాళ నువ్వు చూడలేదు హైమా" అన్నాడు మెల్లగా.

"చూడలేదని నాకు తెలుసు కదండీ" అంది హైమవతి, కంచం ముందుకు జరుపుతూ. "వడ్డించండి, ఆకలేస్తంది."

అతను వడ్డించాడు. ఒక దుంప ముక్క కంచం అంచు మీద పడితే వేలితో లోపలికి నెట్టాడు. తర్వాత నన్ను వంటింట్లోకి తీసుకొచ్చి గట్టు మీద పెట్టి, నా చెవులు వదలకుండా అలాగే నిలబడ్డాడు. నేనింకా వేడిగానే ఉన్నాను. చేతులు కాలుతున్నట్టు అతనికి తెలియలేదు.