లగ్గానికి పిలవని ఇద్దరు

సదయ్య మారుమనువు చేసుకున్నది తన సుఖం కోసం కాదని గోదావరిఖనిలో ఆయన వాడకట్టంతా ఒప్పుకుంటుంది. భార్య లింగవ్వ కామెర్లతో పోయి ఏడాది దాటింది. సదయ్య బొగ్గుబాయిలో పనికి దిగితే, ఏడేళ్ల పూలమ్మ మూడేళ్ల తమ్ముడు కొమురెల్లిని చంకనేసుకొని వంట చేసేది. ఒకనాడు గంజి వార్చబోయి చెయ్యి కాల్చుకుంది. ఆ బొబ్బలు చూసిన రోజే సదయ్య లగ్గం మాట ఎత్తాడు.

పెళ్లి ఏర్పాట్లలో ప్రతిదీ పిల్లల్ని తలచుకొనే చేశాడు. పడుచుపిల్లను చూస్తామంటే వద్దన్నాడు. పిల్లలు పుట్టలేదని మొగుడు వదిలేసిన సారక్కను కాసిపేట దాకా పోయి ఖాయం చేసుకున్నాడు. ఆమెకు పిల్లలంటే ప్రాణమని నలుగురూ చెప్పారు. పూలమ్మకు ఇష్టమని బూరెలు చేయించాడు. అక్కకూ తమ్ముడికీ ఒకే తానులో బట్టలు కుట్టించాడు. ఇంత ఆలోచించిన మనిషి, అక్క కనకవ్వ మాటకు మాత్రం ఎదురు చెప్పలేకపోయాడు.

"తండ్రి లగ్గం కన్నపిల్లలు చూడద్దు తమ్మీ, కీడు," అన్నదామె. "రెండొద్దులు అమ్మమ్మ కాడ ఉంచు. వచ్చినంక వాళ్లకే తెలుస్తది."

"పూలమ్మకు ఒక మాటన్న చెప్పద్దానె అక్కా?"

"చెప్తే ఏడ్వదా? పిల్ల ఏడుస్తుంటే నువ్వు పీటల మీద కూసుంటవా?"

కనకవ్వ చెడ్డది కాదు, ఆమెకు ఆ పిల్లల మీద ప్రేమే. పెద్దలం పిల్లలకు చేసే అన్యాయాల్లో సగం ఇట్లా ప్రేమతోనే చేస్తాం. ఆ సంగతి ఎవరైనా చెబితే మనకు కోపం వస్తుంది.

శనివారం సదయ్య పిల్లల్ని పడవలో గోదావరి దాటించి నస్పూర్‌లో అమ్మమ్మ ఇంట్లో దింపాడు. ఎందుకని పూలమ్మ అడిగితే, "అమ్మమ్మకు పానం బాగలేదు బిడ్డా," అన్నాడు. ఆదివారం లగ్గమైంది. వాడంతా వచ్చి బూరెలు తిన్నది. మంగళవారం పిల్లలు తిరిగి వచ్చేసరికి పొయ్యి ముందర ఎవరో ఆడమనిషి కూర్చొని ఉంది.

"గీమె ఎవరు బాపూ?"

సదయ్య అక్క వైపు చూశాడు. "మీ అవ్వనే," అన్నది కనకవ్వ. పూలమ్మ ఆ పూట అన్నం తినలేదు.

తెల్లారి సదయ్య మొదటి షిఫ్టుకు పోయాడు. సారక్క నల్లా కాడికి పోయి బిందెతో తిరిగి వచ్చేలోగా ఇల్లు ఖాళీ. వాడకట్టంతా వెతికింది. "వచ్చి మూడొద్దులు కాలే, పిల్లలను ఎల్లగొట్టింది," అని ఎవరో అననే అన్నారు. ఇద్దరూ నది దిక్కు పోయారని ఒక ముసలమ్మ చెబితే ఒక్క పరుగున రేవుకు పోయింది.

పిల్లలు అక్కడే ఉన్నారు. నస్పూర్ పోతామని పడవెక్కబోతే, పెద్దవాళ్లు లేకుండా దాటించనని పడవ నడిపే బుచ్చన్న వాళ్లను ఒడ్డున కూర్చోబెట్టాడు.

"మా పిల్లలే కాకా. తోలు," అన్నది సారక్క.

బుచ్చన్న పూలమ్మ వైపు తిరిగాడు. "ఈమె ఎవరు బిడ్డా?"

"నాకు తెల్వది. మా ఇంట్ల కూసున్నది."

బుచ్చన్న సారక్క వైపు తిరిగాడు. "నారాజ్ గాకు బిడ్డా. తెల్వదన్న పిల్లలను నేనెట్ల తోల్తు? తండ్రి వస్తే అప్పజెప్త."

ఆయన అన్నదాంట్లో తప్పేముంది? సారక్క తానెవరో చెప్పుకోవడానికి ఏ దారీ లేదు. కనకవ్వ పొద్దుగాలే తన ఊరికి పోయింది, పిల్లలను ఎల్లగొట్టిందన్న వాడకట్టును సాక్ష్యం పిలిచే ధైర్యం ఆమెకు లేదు. సదయ్య బాయి లోపల ఉన్నాడు, షిఫ్టు అయితే గానీ పైకి రాడు. మధ్యాహ్నం కొమురెల్లి ఆకలికి ఏడ్చాడు. సారక్క చేతులు చాపితే అక్క వీపు వెనక దాక్కున్నాడు. బుచ్చన్నే తన సద్ది విప్పి ఇద్దరికీ పెట్టాడు. సారక్క పది గజాల దూరంలో ఇసుకలో కూర్చొని చూస్తూ ఉండిపోయింది.

బాయి పైకి రాగానే కబురు తెలిసి, బొగ్గు మొహంతోనే సదయ్య ఉరికొచ్చాడు. పూలమ్మ ఆయన కాళ్లను వాటేసుకుంది.

"లగ్గం చేసుకుంటనంటే నేను వద్దంటనా బాపూ? చెయ్యి కాలిన్నాడు నేనే అనుకున్న, ఇంట్ల ఎవరన్న ఉంటే మంచిగుండునని. నాకెందుకు చెప్పలే?"

సారక్క లేచి వచ్చింది. "నన్ను చూడ వచ్చిన్నాడు వీళ్లను ఎంబడి తెస్తే నేనే చెప్పుకుందును, మీ కోసమే వస్తున్న అని. ఇప్పుడేం చెప్పినా దొంగతనంగ ఇల్లు జొచ్చినదాన్నే."

అయిపోయిన లగ్గాన్ని ఎవరూ మళ్లీ చేయలేరు. సదయ్య కొడుకును ఎత్తుకున్నాడు, పూలమ్మ తండ్రి చెయ్యి పట్టుకుంది. సారక్క వాళ్ల వెనకే నడిచింది. ఇల్లు చేరేదాకా పూలమ్మ ఒక్కసారీ వెనక్కి తిరిగి చూడలేదు.

అయ్యలారా, అమ్మలారా, పిల్లల కోసమే లగ్గం చేసుకునేవాళ్లు వాడకట్టుకు బొట్టు పెట్టే ముందు ఆ పిల్లల్ని దగ్గర కూర్చోబెట్టుకొని సంగతి చెప్పండి, వాళ్ల మాట వినండి, మొదటి పిలుపు వాళ్లకే ఇవ్వండి.