ఇల్కా ఉన్న వరుస

ఎర్ఫుర్ట్ స్టేషన్లో రోజ్విటా దిగేసరికి మధ్యాహ్నం మూడు కూడా కాలేదు, అప్పుడే వెలుగు సన్నగిల్లుతోంది. డిసెంబరులో ఇంతే, సూర్యుడు హాజరు వేయించుకుని వెళ్లిపోతాడు. మఫ్లరు బిగించుకుని ట్రామెక్కింది. ఈ ఊళ్లో అడుగుపెట్టి పదకొండేళ్లయింది. వస్తే పిల్ల పోయిందన్న మాట మళ్లీ నిజమవుతుందని భయపడి హాంబుర్గ్‌లోనే ఉండిపోయింది.

ఈసారి మాత్రం రాక తప్పలేదు. కూతురు ఇల్కాను మట్టిలో పెట్టి వచ్చే శుక్రవారానికి ఇరవై ఏళ్లు. ఆలోపు కాగితం మీద సంతకం పెట్టి సమాధి చోటుకి గడువు పొడిగించుకోకపోతే, రాయి పీకేసి నేల చదును చేసేస్తారు. తన తల్లి సమాధికీ ఇరవై ఏళ్లకే సంతకం పెట్టింది కాబట్టి ఆ లెక్క ఆమెకు బాగా తెలుసు. విడాకులు పుచ్చుకుని వెళ్లిపోయిన మొగుడు ఎక్‌హార్ట్‌ను నమ్ముకుంటే పని అయినట్టే.

ట్రాము మారాల్సిన చోట క్రిస్మస్ సంత. బొగ్గుల మీద కాలుతున్న సాసేజీల వాసనకి ఆకలి గుర్తొచ్చి ఒకటి అడిగింది.

"టొమాటో సాస్ ఉందా?"

కొట్టువాడు పట్టకారు పైకెత్తాడు. "సాసా! ఏ ఊరమ్మా మీది? మా నాయనమ్మ వింటే నన్నూ మిమ్మల్నీ కలిపి తరిమేది. ఇక్కడ ఆవముద్ద తప్ప ఇంకోటి పెట్టం."

"ఈ ఊరిదాన్నే."

"అలాగే, నేను బిషప్పుని!" అని నవ్వాడు.

ఆవ ఘాటు పడనిది ఇల్కాకి. సాస్ అడిగింది తన కోసం కాదని రోజ్విటాకి అప్పుడు తెలిసింది. సగం తిని పారేసింది.

శ్మశానంలో సమాధులన్నిటికీ చలికాలానికని ఫర్ చెట్ల కొమ్మలు కప్పారు. నీళ్ల పంపు దాటాక చివరి వరుస. అక్కడ రెండు సమాధుల మధ్య వట్టి మంచు. వరుస తప్పానేమో అనుకుని పంపు దాకా వెనక్కి వెళ్లి మళ్లీ లెక్కపెట్టుకుంటూ వచ్చింది. అదే చోటు. దారిలో కంకర చల్లుతున్న తోటమాలి టాయ్బర్ట్‌ని కేకేసింది.

"ఎవరి కోసమమ్మా?"

"ఇల్కా. ఇల్కా ఫోస్. ఐదేళ్ల పిల్ల. ఇక్కడే ఉండాలి."

పెద్దాయన పార గోడకానించి టోపీ తీశాడు. "అది తీసేసి నాలుగేళ్లయిందమ్మా."

"ఎలా తీస్తారు? శుక్రవారానికి కదా ఇరవై!"

"ఇరవై పెద్దవాళ్లకమ్మా. ఇక్కడ పిల్లలకి పదిహేనే. ఎవరైనా వచ్చి అడిగితే పొడిగించేవాళ్లం. గడువైపోయిందని రాయికి పసుపు చీటీ అంటించి ఏడాది చూశాం. తండ్రిగారికి రాసిన ఉత్తరాలు తిరిగొచ్చాయి."

"నాకెందుకు రాయలేదు?"

"కాగితాల్లో తల్లి పేరు లేదమ్మా."

లేదు మరి. ఈ ఊరి నుంచి తనకింక ఏ ఉత్తరమూ రాకూడదని, పేరు కొట్టేయించుకున్నది తనే. ఎవరి మీదా అరవడానికి లేకుండా పోయింది.

"పిల్లని... తవ్వేశారా?"

"అయ్యో, అంత మాటా! రాయొక్కటే తీస్తాం. బిడ్డ జోలికి ఎవరూ వెళ్లరు. ఎక్కడ పడుకుందో అక్కడే ఉంది."

"ఎక్కడ? చెయ్యి పెట్టి చూపించండి."

టాయ్బర్ట్ వరుసంతా చూశాడు, పక్క సమాధి నుంచి కళ్లతోనే కొలిచాడు, ఆమె బూట్ల దగ్గర చూపు ఆపేశాడు.

"కాస్త ఇవతలికి రండమ్మా."

రోజ్విటాకి అర్థమైంది. ఇంతసేపూ తను పిల్ల మీదే నిలబడి ఉంది.