గోడల్లోంచి చూసేవాడు

మా మనవరాలు ఆటలో పెట్టుకున్న పేరు తాపీ. ఇంట్లో మేం పిచ్చుక అంటాం. ఆటలో అసలు పేర్లు ఎవరూ పెట్టుకోరట. నేను తాపీమేస్త్రిని కాబట్టి నా పనిముట్టు పేరు పెట్టుకుందని మొదట్లో మురిసిపోయాను.

"అదొక్కటే కాదు తాతయ్యా. అందరూ ఉరుకులు పరుగులు పెడుతుంటే నేను గోడ వెనక తాపీగా కూర్చుంటా. వాళ్ళంతట వాళ్ళే వచ్చి చిక్కుతారు" అంది.

ఆ ఆట నాకు పూర్తిగా అర్థం కాదు. టీవీకి తగిలించిన నల్లపెట్టె ఒకటి, చేతిలో కంట్రోలర్, చెవులకి హెడ్‌సెట్. తెర మీద పాడుబడ్డ ఊరొకటి కనిపిస్తుంది. ఇటు ఐదుగురు, అటు ఐదుగురు, ఒకరినొకరు వెతుక్కుని కాల్చుకోవాలి. ఎవరింట్లో వాళ్ళు కూర్చునే ఆడతారు. ఒకరి మొహం ఒకరికి తెలియదు. నేను వెనక కుర్చీలో కూర్చుని ఆ ఊళ్ళో గోడలు చూస్తుండేవాణ్ణి. కొన్ని బాగానే కట్టారు. కొన్నిటికి మూలలు కలవలేదు.

పిచ్చుక కళ్ళజోళ్ళ దుకాణంలో పనిచేస్తుంది. దాని నాన్న, అంటే మా అబ్బాయి, లారీ మీద దూరాలు తిరుగుతాడు. కోడలిది ఆసుపత్రిలో దుప్పట్లూ బట్టలూ ఉతికించే చోట పని. సెలవు రోజుల్లో పగలు ఇంట్లో ఉండేది నేనూ పిచ్చుకా. మా మధ్య మాటలు తక్కువ. "మామయ్య నోరు తెరిస్తే వాన పడుతుంది, బట్టలు తీసేయండి" అని కోడలు ఎకసెక్కం చేస్తుంది.

ఒక మధ్యాహ్నం పిచ్చుక కంట్రోలర్‌ని పరుపు మీదకి విసిరికొట్టింది.

"మళ్ళీ వాడే! గుడ్లగూబ వెధవ!"

"ఎవరు?"

"చీటర్ తాతయ్యా. వాడి పెట్టెని హ్యాక్ చేసుకున్నాడు. వాడికి గోడల్లోంచి మనుషులు కనిపిస్తారు. నేనెక్కడ నక్కినా తిన్నగా నా తలకాయకే గురి."

"గోడల్లోంచా?"

"గోడల్లోంచే."

"నాలుగంగుళాల గోడా, తొమ్మిదంగుళాలదా?"

అది కడుపు పట్టుకుని నవ్వింది. "ఏదైనా ఒకటే వాడికి. నువ్వు కట్టిన గోడైనా సరే!"

నేనూ నవ్వాను గాని ఆ మాట లోపల ఎక్కడో గుచ్చుకుంది. గోడలకి చెవులుంటాయంటారు, అది చిన్నప్పటినించీ విన్నదే. గోడే లేనట్టు చూసేవాడొకడు ఉంటాడని మాత్రం ఎప్పుడూ వినలేదు. ఆటలోనే కదా అని అడిగితే సరిపోయేది. నేను అడగలేదు.

పిచ్చుక ఊరుకోలేదు. వాడు ఆడిందంతా రికార్డు చేసి ఆట నడిపేవాళ్ళకి పంపింది. వాళ్ళు చూసి వాణ్ణి బ్యాన్ చేశారు. రాబోయే పోటీలోంచి వాడి జట్టు మొత్తాన్ని తీసేశారు. పీడా వదిలిందని పిచ్చుక ఆ రోజు ఇల్లంతా గంతులేసింది.

తరవాత ఓ సాయంత్రం హెడ్‌సెట్‌లో ఛార్జింగ్ అయిపోయింది. మాటలు టీవీలోంచే పైకి వినిపిస్తున్నాయి. పిల్లలెవరో కబుర్లాడుకుంటున్నారు. ఉన్నట్టుండి అందరి మధ్యలోంచి సన్నటి మగగొంతు ఒకటి వచ్చింది. మెత్తగా ఉంది, పెళ్ళివాళ్ళని పలకరించినట్టుంది.

"తాపీ, బాగున్నావా? కొత్త పేరుతో వచ్చాలే. గుర్తుపట్టలేదా?"

పిచ్చుక వీపు కర్రలా అయిపోయింది.

"నన్ను గెంటించావు కదా. పర్లేదు. నువ్వెక్కడ కూర్చుంటావో నాకు తెలుసు. సందు చివర ఇల్లు. నీలం తలుపు. నీ కుడిపక్కన కిటికీ. గోడలు అడ్డమున్నాయని ధైర్యమా? ఆదివారం పోటీ అన్నావుగా. ఎలా ఆడతావో చూస్తా."

అది లేచి ప్లగ్గు పీకేసింది. నేను కిటికీ వైపు చూశాను. కిటికీ కుడిపక్కనే ఉంది. బయట తలుపు నీలం రంగే. రంగు వేసింది నేనే.

"ఎలా తెలుసే వాడికి?"

"పోటీవాళ్ళ పేరుతో మెసేజ్ వచ్చింది తాతయ్యా, అడ్రస్ సరిచూడాలని. నింపేశాను. అది వాడు పంపిందే అయ్యుంటుంది. గది ఫోటో కూడా ఎప్పుడో నేనే పెట్టాను." పీకిన ప్లగ్గు ఇంకా దాని చేతిలోనే ఉంది. "అమ్మకి చెప్పకు. పోలీసులకి నేను చెప్తా."

చెప్పింది. వాళ్ళు రాసుకున్నారు.

"పోటీ మానెయ్యకూడదా?" అన్నాను.

"మానేస్తే వాడు గెలిచినట్టే కదా?"

అక్కణ్ణించి నా ప్రాణం నా దగ్గర లేదు. సందులో బండి ఆగితే గుండె ఆగేది. ఒకరోజు ఎవరో కుర్రాడు అట్టపెట్టెలు పట్టుకొచ్చి, ఈ ఇంటికే భోజనం ఆర్డరు వచ్చిందన్నాడు. మేం చెప్పలేదంటే గొణుక్కుంటూ పోయాడు. మర్నాడు అంబులెన్సు వచ్చింది. "గుండెనొప్పన్నారట, పేషెంట్ ఎక్కడ?" అన్నారు. నొప్పి అప్పటిదాకా లేదు, వాళ్ళని చూశాక వచ్చింది. పిచ్చుకతో అంటే నవ్వబోయింది గాని నవ్వు రాలేదు.

గొళ్ళెం వేశానా లేదా అని లేచి చూసుకోవడం, వచ్చి కూర్చోవడం, మళ్ళీ లేవడం. ఏ గోడకి ఆనుకున్నా వీపు మీద ఎవరో చూస్తున్నట్టే ఉండేది.

ఆదివారం మధ్యాహ్నం కోడలు డ్యూటీకి వెళ్ళింది. పిచ్చుక గదిలోకి పోయి, తెర మీద వెలుగు పడకుండా కిటికీకి మందపాటి కర్టెన్ లాగి, హెడ్‌సెట్ పెట్టుకుంది. ఇక పిడుగు పడినా దానికి వినపడదు.

నేను బయటికొచ్చి సందులోంచి ఆ కిటికీని చూశాను. ఒట్టి గాజు. లోపల ఒక గుడ్డ. దాని వెనక మా పిల్ల తల. వాడు చెప్పిన కిటికీ ఇదే. గోడల్లోంచే చూసేవాడికి గాజు ఒక లెక్కా!

భయం వేస్తే ఒకరు దణ్ణం పెట్టుకుంటారు, ఒకరు కేకలు పెడతారు. నా చేతులకి వచ్చింది ఒకటే పని. పెరటి గోడ పక్కన పాత ఇటుకలున్నాయి. ఇసక ఉంది, సంచిలో అడుగున కాస్త సిమెంటు ఉంది. పలచగా మాలు కలిపాను, రేపు కావాలంటే తేలిగ్గా ఊడొస్తుందని. కిటికీ గూట్లో బయటినించి వరస మీద వరస పేర్చుకుంటూ పోయాను. గాజు మూసుకుపోతున్నకొద్దీ నాకు ఊపిరి తిన్నగా ఆడింది. చాలా రోజుల తరవాత చెయ్యి వణకలేదు.

పై వరస పెడుతుండగా సందులో చప్పుడు పోయింది. పిల్లలు బంతి ఆడుతున్న చోట బంతి ఒక్కటే దొర్లుతోంది. పిల్లలు లేరు.

"కదలొద్దు! చేతిలోది కింద పడెయ్!"

వెనక్కి తిరిగాను. తిరక్కూడదని తరవాత తెలిసింది. సందు నిండా పోలీసులు. డాళ్ళ వెనక నక్కి ఉన్నారు. తుపాకులన్నీ నా వైపే. ముందున్నవాడికి మీసాలు ఇప్పుడిప్పుడే వస్తున్నాయి. వాడి తుపాకి మొన వణుకుతోంది. నాకు వాడి భయం చూస్తేనే ఎక్కువ భయం వేసింది.

"చేతిలో ఏంటది?"

"తాపీ" అన్నాను.

"ఏంటీ?"

"తాపీ."

"తాపీగా చెప్తావేంటయ్యా! ముందు పడెయ్!"

పడేశాను. రాతి మీద పడి ఖంగుమంది. ఆ చప్పుడికి తుపాకులన్నీ ఒక్కసారి ఎగిరి దిగాయి.

వాళ్ళకి పెద్ద ఒకావిడ. డాలు పక్కనించి అడిగింది. "అమ్మాయి ఎక్కడ?"

"లోపల."

"కిటికీకి గోడ ఎందుకు కడుతున్నావు?"

"కనపడకుండా."

"ఎవరికి కనపడకుండా?"

"గోడల్లోంచి చూసేవాడికి."

వాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. వాళ్ళకి వచ్చిన ఫోను సంగతి నాకప్పటికి తెలియదు. ముసలాడొకడు మనవరాల్ని గదిలో పెట్టి తాళం వేశాడు, తుపాకి ఉంది, చంపేస్తానంటున్నాడు అని ఎవడో చెప్పాడట. వచ్చి చూస్తే ముసలాడున్నాడు, కిటికీకి తడి గోడా ఉంది. వాడు చెప్పిన అబద్ధానికి ఇటుకలు పేర్చిపెట్టింది నేనే.

"అమ్మాయిని పిలువు" అంది ఆవిడ.

"పిచ్చుకా!" అని అరిచాను. జవాబు లేదు. మళ్ళీ అరిచాను. గోడకి చెప్పుకున్నట్టే ఉంది.

"పలకదమ్మా. చెవులు మూసి ఉన్నాయి."

"ఎవరు మూశారు?"

నేను చెప్పే ప్రతి మాటా నిజమే. ప్రతి మాటకీ ఇంకొంచెం ఊబిలోకి దిగుతున్నాను. వెనకనించి ఎవరో అన్నారు. "మేడమ్, మనిషికి మతి ఉన్నట్టు లేదు. తలుపు పగలగొట్టేద్దాం." ఇద్దరు ఇనపదూలం లాంటిది పట్టుకుని తలుపు వైపు వంగి నడిచారు.

అప్పుడు నాకు లోపలి గది కళ్ళకి కట్టింది. కిటికీ మూసేశాను కాబట్టి చీకటి. తెర వెలుగులో ఒక మనిషి ఆకారం. చేతుల్లో నల్లగా ఒక వస్తువు, ముందుకి చాపి పట్టుకుని. తలుపు విరగ్గానే పిచ్చుక ఉలిక్కిపడి, ఆ వస్తువుతోనే ఇటు తిరుగుతుంది. ఆ మీసాలు సరిగా రాని కుర్రాడు దాన్ని చూస్తాడు.

నా నోరు తెరుచుకుంది. జన్మలో అన్ని మాటలు ఒక్క ఊపులో మాట్లాడి ఎరగను.

"అమ్మా, నీకు దణ్ణం పెడతా, తలుపు పగలగొట్టొద్దు. లోపల చీకటి. ఆ చీకటి నేను చేసిందే, పిల్లకి తెలియదు. దాని చేతిలో నల్లటిది ఉంటుంది, తుపాకి కాదు, టీవీలో ఆట ఆడుకునేది. చెవులకి హెడ్‌సెట్ ఉంది, మనమెంత అరిచినా వినపడదు. ఎవడో దాన్ని బెదిరిస్తున్నాడు, మీ దగ్గర రాసుకున్నారు, చూసుకోండి. నన్ను ఏమైనా చెయ్యండి. నీ వెనక గోడకి మీటరుంది, దాని పక్కన మెయిన్ ఉంది. అది కిందికి లాగు. ఆట ఆగిపోతుంది. పిల్లే నన్ను తిట్టుకుంటూ బయటికొస్తుంది. ఒక్కసారి లాగి చూడు తల్లీ."

ఆవిడ నన్ను చూసింది. మీటరుని చూసింది. దూలం వాళ్ళని చేత్తో ఆపి, మెయిన్ కిందికి లాగింది.

ఏమీ కాలేదు. తరవాత లోపలినించి కేక.

"తాతయ్యా! కరెంటూ! ఇప్పుడే పోవాలా? తాతయ్యా!"

"పిచ్చుకా, అక్కడే ఉండు! చేతిలోది కింద పెట్టు. పెట్టావా?"

"ఏమైంది?"

"పెట్టావా?"

"పెట్టాను."

"రెండు చేతులూ పైకెత్తి రా. పరిగెత్తకు. తాపీగా రా."

నీలం తలుపు తెరుచుకుంది. ముందు దాని వేళ్ళు కనిపించాయి, ఖాళీగా. నేనక్కడే ఇసకలో కూలబడ్డాను.

తరవాత అంతా చూసుకున్నారు. ఫోను చేసినవాడు ఇంటర్నెట్ మీదనించి దొంగ నంబరుతో చేశాడని, పట్టుకోవడానికి టైము పడుతుందని పెద్దావిడ చెప్పింది. వెళ్ళేముందు, "పెద్దాయనా, ఆ కిటికీ తెరిచెయ్యి" అంది. కుర్ర పోలీసు నా తాపీ తీసి, ప్యాంటుకి తుడిచి ఇచ్చాడు.

మాలు ఆరలేదు. ఇటుకలు ఉత్త చేతులకే ఊడొచ్చాయి. పిచ్చుక గాజు రెక్క తీసి లోపలినించి అందుకుని పక్కన పేర్చింది. దాని జట్టు అప్పటికి గెలుపు మీదుందట. ఇది మాయమయ్యాక ఓడిపోయింది. వాడికి కావలసిందీ అదే. ఆ మీట లాగించింది నేను.

"నీ ఆట పోయింది" అన్నాను.

"నోరు ముయ్యి తాతయ్యా" అని నా భుజం మీద తల పెట్టి ఏడ్చింది.

రాత్రి కోడలికి అంతా చెప్పాం. "మామయ్యా? పోలీసులతో అన్ని మాటలా?" అని నవ్వబోయి, మొహానికి కొంగు అడ్డం పెట్టుకుంది.

కొన్నాళ్ళు ఆ పెట్టె ముట్టుకోలేదు. మళ్ళీ ఒక సెలవు రోజున తగిలించింది. నేను వెనక కుర్చీలో కూర్చున్నాను. ఎప్పటిలాగే గోడ వెనక నక్కింది. కాసేపటికి ఎక్కణ్ణించో ఒకే ఒక్క గుండు తిన్నగా దాని తలకి తగిలింది. పిచ్చుక నా వైపు తిరిగి చూసింది. నేను తెర వైపు చూశాను. కాల్చినవాడి పేరు కొత్తది. మామూలు ఆటగాడే కావచ్చు.

ఇప్పుడు ఆడేటప్పుడు హెడ్‌సెట్ ఒకవైపు తీసి మెడ మీదకి జార్చుకుంటుంది. ఒక చెవి ఆటకి, ఒక చెవి తలుపుకి. నేను దాని వెనకనించి వెళ్ళాల్సి వస్తే ముందుగా "నేనే" అంటాను. మంచినీళ్ళకి వెళ్తూ "నేనే". తిరిగి వస్తూ "నేనే". ఒక్కోసారి అనడం ఆలస్యమైతే, దాని వీపు కర్రలా అవడం నాకు కనిపిస్తుంది.