ఆట దెబ్బ

ఆదివారం భోజనాలయ్యాక బల్ల తుడిచి, అడవులూ కోటలూ గీసిన పటం పరిచి, పాచికలు పోసుకుని తలా ఓ పాత్ర వేస్తూ కథాట ఆడడం ఆ ఇంట్లో తొమ్మిదేళ్ళ అలవాటు. కథ నడిపేది చిన్నకోడలి బావగారు. అట్టముక్క అడ్డం పెట్టుకుని దాని వెనక నుంచి వానల్నీ, రాక్షసుల్నీ, రాజుగారినీ ఆయనే నడుపుతాడు. రాజుగారికి మాత్రం ముచ్చటపడి తన పేరునే ఎర్రసిరాతో పాత్ర కాయితం రాసుకున్నాడు. ఆయన తమ్ముడు, అంటే చిన్నకోడలి మొగుడు, యోధుడు. పక్కింటి లెక్కల మాస్టారు దొంగ. చిన్నకోడలు వైద్యురాలు, మంత్రం పలికి గాయాలు మాన్పుతుంది. బావగారి భార్య పెద్దకోడలు టీ ఇస్తుంది.

కాయితం ఉన్నవాళ్ళకి బల్ల మీద తగిలిన దెబ్బ ఒంటి మీదా తగులుతుంది. ఎవరింట్లోనైనా అంతే కదా. ఎప్పుడో బాణం దిగిన మాస్టారి భుజం ఇప్పటికీ చలికి సలుపుతుంది.

ఆ ఆదివారం చిన్నకోడలు, శనివారం పోలింగులో, వార్డుకి నిలబడ్డ కాన్పుల నర్సమ్మ తరఫున ఏజెంటుగా కూర్చుంటున్నానని చెప్పింది. బావగారు ఆమెకి పోటీగా నిలబడ్డ పాత వార్డు మెంబరుకి కుడిభుజం. అట్ట వెనక పాచిక గలగలలాడించాడు.

"రాక్షసుడి గద వైద్యురాలి దవడ మీద పడింది. ఇక నోరు పెగలదు."

"పాచిక చూపించండి బావగారూ."

"కథ నడిపేవాణ్ణి అడగకూడదమ్మాయ్. రూలు."

నోట్లో ఏదో టప్పుమంది. నెత్తురు పటం మీది అడవి మీద చిందింది. మొగుడు ఓ గుడ్డ అందించి, "ఇప్పుడు నా వంతా?" అని పాచిక తీసుకున్నాడు.

చిన్నకోడలి ఉద్యోగం కళ్ళజోళ్ళ దుకాణంలో అద్దాలు అరగదీయడం. సోమవారం రాతిచక్రం తిరిగినంతసేపూ ఆ గీరుడు పంటిలోంచి చెవిలోకి, చెవిలోంచి నడినెత్తికి పాకింది. మూడు జతలు పాడుచేసింది. నోరు తెరిచి క్షమించమనడం కూడా చేతకాలేదు.

మంగళవారం పళ్ళ డాక్టరమ్మ అద్దం పెట్టి చూసింది. "ఆట దెబ్బా, ఇంటి దెబ్బా?"

"ఆటే," అని దవడ పట్టుకుని మూలిగింది.

"అందరూ అదే అంటారు. ఈ పేటలో ఆడవాళ్ళంతా ఎంత ఆటగత్తెలో! నిరుడు ఒకావిణ్ణి మొగుడు తీసుకొచ్చాడు, మూడు పళ్ళు లేవు, ఆటలో పోయాయన్నాడు. మీ పాచికకి ఎన్ని ముఖాలమ్మా అంటే, ఆవిడ ఆరంది."

నిజానికి ఆటలో వేసే పాచికకి ఇరవై ముఖాలు. టీ అందిస్తూ, నవ్వొస్తే నోటికి చెయ్యి అడ్డం పెట్టుకునే పెద్దకోడలు చిన్నకోడలికి గుర్తొచ్చింది.

"నిజంగా ఆట దెబ్బయితే నా పట్టకారుకి లొంగదు," అంది డాక్టరమ్మ. "కొట్టిన పాత్రే వెనక్కి తీసుకోవాలి. అందాకా లవంగనూనె రాసుకో."

బుధవారం నర్సమ్మ వెంట ఆమె మనుషులు ఇల్లిల్లూ తిరిగారు. మాట పెగలడమే కష్టం కాబట్టి చిన్నకోడలు కరపత్రాలు పంచింది. వీధి మలుపులో పాత మెంబరు మనుషులు నలుగురు ఇనుపకడ్డీలతో నిలబడ్డారు. గోడకి పోస్టరు అంటిస్తున్న వడ్రంగి మోకాళ్ళ మీద కొట్టారు. పచ్చికొమ్మ విరిచినట్టయింది, ఒక్క దెబ్బకి తెగలేదు. ఇంకో నాలుగు వేశారు.

"నర్సువి కదా, కట్టు కట్టుకో," అన్నాడొకడు.

నర్సమ్మ తన బ్యానరే చింపి కాలికి చుడుతూ తలెత్తింది. "మీలో ఇద్దర్ని ఈ చేతుల్తోనే బయటికి లాగాన్రా. మళ్ళీ లోపలికి తోసుంటే పీడ వదిలేది."

తర్వాత చిన్నకోడలితో మెల్లిగా అంది: "పోలింగు బూతులో దొంగ ఓటు ఆపాలంటే ఏజెంటు నోటితోనే చెప్పాలి. రాతలూ సైగలూ చెల్లవు. వడ్రంగిని చూశాక ఏజెంట్లుగా ఇంకెవరూ రామంటున్నారు. నీకు మాట రాకపోతే పోయినసారిలాగే చచ్చినవాళ్ళూ, ఇంట్లో వంట చేసుకునేవాళ్ళూ ఓట్లేసిపోతారు."

గురువారం మొగుణ్ణి అడిగింది, ఒక్కో మాటకీ కళ్ళమ్మట నీళ్ళు కారుతుండగా. "మీ అన్నకి చెప్పు."

"ఆటలో వేలు పెట్టకూడదు."

"దేవుడు రెండు దవడలిచ్చాడు. ఒక్కటీ నాకోసం కదపవు!"

"పన్ను నొప్పితోనే ఇంత నోరా!" అన్నాడతను. గుమ్మంలో బట్టలు మడతపెడుతున్న పెద్దకోడలు మడత ఆపి, మళ్ళీ పెట్టింది.

శుక్రవారం సాయంత్రం బావగారు అందర్నీ పిలిచాడు. ఈ వారం ఆట ఇవాళే అన్నాడు. చిన్నకోడలు వెళ్ళింది. మందు ఆ బల్ల దగ్గరే ఉంది మరి.

"రాక్షసుడు మళ్ళీ లేచాడు," అన్నాడు పాచిక గుప్పిట్లో ఆడిస్తూ. "ఈసారి నాలుక."

పెద్దకోడలు టీ పళ్ళెం పటం మధ్యలో పెట్టి, ఖాళీ కుర్చీ లాక్కుని కూర్చుంది. "నాకూ ఓ కాయితం ఇవ్వండి."

"ఏం వేస్తావ్? వంటమనిషా?"

"అది రోజూ వేస్తున్నదేగా. రాక్షసుణ్ణి నేను నడుపుతా."

"వాడు నావాడు!"

మాస్టారు గొంతు సవరించుకున్నాడు. "కాయితం లేని పాత్రని ఎవరైనా తీసుకోవచ్చండి. మీరు పెట్టిన రూలే. దెబ్బలు మీకు తగలకూడదని రాక్షసులకి మీరు కాయితం రాయలేదు."

పెద్దకోడలు అక్షరం అక్షరం కూడబలుక్కుంటూ రాసింది. పెన్ను పక్కన పెట్టింది. "రాక్షసుడు వైద్యురాలి దెబ్బ వెనక్కి తీసుకున్నాడు."

చిన్నకోడలి దవడలోంచి నొప్పి, కుండకి చిల్లు పడ్డట్టు కారిపోయింది.

"ఇప్పుడు కోటలోకి పోయాడు. రాజుగారికి కాయితం ఉంది కదండీ."

అందరి కళ్ళెదుటా పాచిక వేసింది. ఇరవై. "ఇది పెళ్ళయిన కొత్తల్లోది." బావగారి తల పక్కకి తిరిగిపోయింది. మళ్ళీ ఇరవై. "ఇది పులుసులో ఉప్పెక్కువైనప్పటిది." ఎముక విరిగిన చప్పుడు గదంతా వినబడింది. "ఇది నిరుటిది." మూడు పళ్ళు పటం మీద పడి పాచికల మధ్యకి దొర్లాయి.

"వదినా, ఇక చాలు!" అన్నాడు మరిది.

"ఆటలో వేలు పెట్టకూడదు మరిదిగారూ."

"రాజుగారి వంతు," అన్నాడు మాస్టారు న్యాయంగా. వంతు తీసుకోవాలంటే ఏం చేస్తాడో రాజు పలకాలి. విరిగిన దవడ కదల్లేదు. పెద్దకోడలు కప్పులు తీసుకుని లేచింది.

శనివారం బూతులో చిన్నకోడలికి ఎదురుగా, పాత మెంబరు ఏజెంటుగా, దవడకి కట్టుతో బావగారు. తొమ్మిదయ్యేసరికి ఆమె ఆరు దొంగ ఓట్లు ఆపింది. ఏడోది, ముఖానికి గుడ్డ చుట్టుకున్న ఓ మనిషి. ఆమె చీటీ మీద పెద్దకోడలి పేరుంది.

"అభ్యంతరం," అంది చిన్నకోడలు లేచి నిలబడి. "ఈవిడ మా అక్క కాదు."

అధికారి బావగారి వైపు తిరిగాడు. "మీ ఆవిడేనాండీ? అవునని ఒక్కమాట అనండి, వేయనిస్తాను."

బావగారు నోరు తెరిచాడు. చొంగా నెత్తురూ కలిసి చొక్కా మీదికి కారాయి. తలూపాడు, జేబులోంచి పెన్ను తీశాడు.

"రాతలూ సైగలూ చెల్లవండీ," అన్నాడు అధికారి. "మీరెళ్ళండమ్మా."

గుడ్డ చుట్టుకున్న మనిషి వెళ్ళిపోయింది. లైన్లో ఐదో మనిషిగా నిలబడ్డ పెద్దకోడలు తన వంతు రాగానే ముందుకొచ్చింది. ఇరవై రెండేళ్ళుగా జాబితాలో పెద్దకోడలి పేరుంది, ప్రతిసారీ ఆ పేరున ఓటూ పడింది. ఆవిడ బూతు గడప తొక్కింది మాత్రం ఇవాళే. మొగుడి ముందు నుంచే నడిచి, కాయితం తీసుకుని, అట్టల చాటుకి వెళ్ళింది. ఎంతకీ రాలేదు.

"లోపల ఏం చేస్తున్నావమ్మా?" వెనక నుంచి ఎవడో అరిచాడు.

"చదువుతున్నానయ్యా," అంది అట్టల చాటు నుంచి. "పదకొండు పేర్లున్నాయి. అన్నీ చదివే వేస్తా."