తలుపు తట్టిన వారం

డ్రైవరు పొద్దున డ్యూటీకి మెట్లు దిగేసరికి కింద షాపులో అన్నయ్య కుట్టుమిషను అప్పటికే టకటకలాడుతూ ఉంటుంది. వదిన గుమ్మంలో కూర్చుని కాజాలు కుడుతూ ఉంటుంది. చెల్లెలు సిటీ బస్సు నడుపుతుందన్న గర్వంతో ఆ పేరు పెట్టింది అన్నయ్యే. ఇప్పుడు వీధంతా ఆమెని డ్రైవరనే పిలుస్తారు.

పైన వాళ్ళుండే వాటాలో మనిషి పోయే ముందు ఎవరో వచ్చి తలుపు తడతారు. తీస్తే ఎవరూ ఉండరు. వారం తిరక్కుండా ఇంట్లో ఒకరు పోతారు. బాబాయికి అలాగే అయింది, నాన్నకీ అలాగే. ఆ చప్పుడు వినపడితే పక్కింటావిడ "మీ తలుపేనా?" అని అడిగి, వచ్చేవాళ్ళ కోసం తన కుర్చీలు కూడా పంపిస్తుంది.

నాన్న పోయాక డ్రైవరు ఒక్కతే దానికి తల వంచలేదు. తలుపు చప్పుడుకి ఎంతో ముందునుంచే ఆయన మెట్లెక్కితే ఆయాసపడేవాడు. ఇంటికి అలవాటైన పాత డాక్టరు, చెయ్యి కూడా పట్టుకోకుండా "వయసు మీద పడింది" అని టానిక్కు రాసి పంపాడు.

అప్పట్నించీ సెలవు దొరికినప్పుడల్లా ఆమె డాక్టర్ని వెతికింది, పెళ్ళి సంబంధం చూసినంత పట్టుదలగా. ఒకాయన తలెత్తి చూడలేదు. ఇంకొకాయన ఆమె కూర్చోకముందే స్కానింగు రాశాడు. బస్సు డిపో వెనక సందులో ఉన్న డాక్టరమ్మ మాత్రం "ఏమిటమ్మా బాధ?" అని అడిగింది.

"ఏ బాధా లేదు. అందుకే వచ్చాను," అంది డ్రైవరు.

డాక్టరమ్మ పెన్ను పక్కన పెట్టింది. "మంచి పని చేశారు. మీ నాన్నగారు ఎలా పోయారు?" అంది. బయట ఎంతమంది కూర్చునున్నా, చెప్పిందంతా చివరిదాకా వింది. ఆ రోజే డ్రైవరు ఖాయం చేసుకుంది, ఇంటిల్లిపాదికీ ఇకనుంచి ఈవిడే డాక్టరని.

వదిన సరేనంది. అన్నయ్యే మొండికేశాడు.

"గుర్రంలా ఉన్నవాణ్ణి డాక్టరు దగ్గరికి లాక్కెళ్తావేంటే?"

"ఊరందరి కొలతలూ తీస్తావు. నీ కొలత ఒక్కసారి తీయించుకుంటే నీ సొమ్మేం పోయింది?"

"ఈ జాకెట్లు అయిపోనీ," అనేవాడు. అతని దగ్గర జాకెట్లు ఎప్పుడు అయిపోయాయి గనక!

ఒక మధ్యాహ్నం డ్రైవరు భోజనానికి ఇంటికొచ్చేసరికి మెట్ల నిండా చెప్పులు. పైన అత్తయ్య ముక్కు చీదుకుంటోంది, ఇద్దరు మావయ్యలు పక్కింటి కుర్చీల్లో కూర్చునున్నారు. అన్నయ్య కింద షాపులో కుట్టని గుడ్డలు ఎవరివి వాళ్ళకి తిరిగిచ్చేస్తున్నాడు.

"పొద్దున తట్టింది," అంది వదిన మెల్లిగా.

డ్రైవరుకి అరికాలి మంట నెత్తికెక్కింది. "ఎవరికోసం తట్టిందట?"

"తలుపుని అడుగుతామా?" అన్నాడు పెద్ద మావయ్య.

"డాక్టరమ్మని అడుగుదాం. లేవండి."

"రాసిపెట్టినదాన్ని ఎవరు మారుస్తారమ్మా," అంది అత్తయ్య.

"నాన్నప్పుడూ ఇదే మాట అన్నారు. కుర్చీలు తెచ్చారు గానీ ఒక్కరూ ఆయన్ని ఆసుపత్రికి తీసుకెళ్ళలేదు. ఈసారి నేను ఊరుకోను. తట్టింది ఎవరైనా సరే, నా మనుషుల్ని తీసుకెళ్ళాలంటే ముందు నాతో తేల్చుకోవాలి. నా బస్సు ఆ దారినే వెళ్తుంది. పదండి!"

మావయ్యలు కూడా లేచి మెట్ల మీద చెప్పులు వెతుక్కున్నారు. అందరూ టిక్కెట్లు కొనుక్కుని బస్సెక్కారు. వాళ్ళని డిపో దగ్గర దింపి, డ్రైవరు బండి వేరే డ్రైవరుకి అప్పగించి సందులోకి పరిగెత్తింది.

"ఎలా తట్టింది? గట్టిగానా, మెల్లిగానా?" అని అడిగింది డాక్టరమ్మ, సంగతంతా విని.

"గట్టిగానే," అంది వదిన.

వదినకి బీపీ చూసింది, బాగుంది. డ్రైవరుకీ బాగుంది. అన్నయ్య చేతికి పట్టీ చుట్టి చూసింది. కాసేపు కదలకుండా కూర్చోబెట్టి మళ్ళీ చూసింది. తర్వాత రెండో చేతికి చుట్టింది. చివరికి చిన్న లైటు వేసి కళ్ళలోకి చూసింది.

"తలనొప్పి, కళ్ళు తిరగడం లాంటివేమైనా ఉన్నాయా?"

"ఏమీ లేవండీ."

"అదే గొడవ. బీపీ చెప్పా పెట్టకుండా పెరిగిపోయింది. కంటి వెనక నరాలు అప్పుడే దెబ్బతిన్నట్టున్నాయి. ఇక షాపుకి కాదు, ఇటునుంచి ఇటే ఆసుపత్రికి."

అన్నయ్య నోరు తెరిచాడు. "జాకెట్ల మాటెత్తావంటే ఊరుకోను," అంది చెల్లెలు. అతను లేచి నిలబడ్డాడు.

ఆసుపత్రిలో రెండు మూడు రోజులు ఉంచుకుని మెల్లమెల్లగా బీపీ దించారు. ఇంకొన్నాళ్ళు ఇలాగే వదిలేస్తే మెదడులో నరం చిట్లేదన్నారు. ఇంటికొచ్చాక వదిన వంటలో ఉప్పు తగ్గించింది. అన్నయ్య సణుక్కుంటూనే తిన్నాడు, మందులు వేళకి మింగాడు. మళ్ళీ చూపించుకోమన్న రోజున, ఎవరూ గుర్తు చేయకుండానే తనే చొక్కా ఇస్త్రీ చేసుకుని బయల్దేరాడు.

అతనటు వెళ్ళాడో లేదో పైన తలుపు మోగింది. మొదటిసారి తట్టి అప్పటికి వారం. వదిన చేతిలో పళ్ళెం పక్కన పెట్టి లేవబోయింది. డ్రైవరు వెళ్ళి తలుపు బార్లా తీసింది. గుమ్మంలో ఎవరూ లేరు.

"అన్నయ్య ఇంట్లో లేడు," అంది ఆమె, ఎదురుగా మనిషి ఉన్నట్టే కళ్ళెత్తి. "డాక్టరు దగ్గరికెళ్ళాడు. వచ్చే నెలా వెళ్తాడు, పై నెలా వెళ్తాడు. నీకు పనేమైనా ఉంటే నాతో చెప్పు."

తర్వాత మెట్ల మీద అడుగులు వినిపించాయి, ఒక్కొక్కటే కిందికి దిగిపోతూ. వచ్చినది తిరిగి వెళ్ళిపోవడం ఆ ఇంట్లో ఎవరూ అంతకుముందు వినలేదు.

డ్రైవరు తలుపు వేసి వెనక్కి తిరిగింది.

"వదినా, ఆడవాళ్ళు ఏటా చేయించుకోవాల్సిన పరీక్షలున్నాయంది డాక్టరమ్మ. రేపు మనిద్దరి వంతు. కాజాలున్నాయని మాత్రం అనకు."