పెద్దింటి ఇనుప బల్ల

ఆ ఆదివారం తెల్లవారేసరికి ఆకాశం, పిండకుండా దండెం మీద వేసిన దుప్పటిలా బరువుగా వేలాడుతోంది. చినుకు లేదు, గాలి లేదు. శామీర్‌పేట చెరువు వైపు మాత్రం మబ్బు నల్లబడి కిందికి దిగి ఉంది. జనార్ధన్ వాకిట్లో నిలబడి చాలాసేపు పైకే చూశాడు.

"పడ్తదంటవా?" జయమ్మ గడప దగ్గర్నుంచి అడిగింది.

"అందరు తిన్నంక పడితె పడనీ. గప్పటిదాంక ఆగితె సాలు."

మొగుడి రంధి ఏమిటో జయమ్మకు తెలుసు. హాల్లో పాత చీరలు కప్పి దాచిన బల్ల ఒకటుంది. పోచమ్మకు బోనం చెల్లించి చుట్టాలంతా తిరిగొచ్చాక, వాళ్లు చూస్తుండగా దాన్ని వాకిట్లోకి తేవాలి. షామియానా కింద పెట్టాలి. గోడకు అవతలి ఇంటికి అది కనబడాలి.

గోడకు అవతలిది తమ్ముడు మహేష్ ఇల్లు. ఒకప్పుడు రెండూ ఒకటే ఇల్లు. పంచుకున్నాక మహేష్ తన సగాన్ని కూలగొట్టి స్లాబు వేశాడు. జనార్ధన్ సగం అట్లాగే ఉంది. మందపాటి మట్టిగోడలు, తల వంచితే తప్ప లోపలికి పోనివ్వని దర్వాజ.

ఆ ఇంట్లో ఒక పద్ధతి ఉంది. శ్రావణంలో బోనం ఎత్తిన రోజు యాట మాంసం కూర పెద్దింట్లోనే వండాలి, పెద్దింట్లోనే తినాలి. పెద్దకొడుకు ఇల్లే పెద్దిల్లు. హాల్లో ఇటొక వరుస, అటొక వరుస నేల మీద కూర్చుంటే, జనార్ధన్ కూర గంటె పట్టుకుని నడుమ తిరుగుతాడు. ఏడాదంతా అతని మాట అడిగేవాళ్లు లేరు. ప్లాటు కావాలన్నా, పంచాయితీ చెప్పాలన్నా మహేష్ దగ్గరికే పోతారు. ఆ ఒక్క పూట మాత్రం "ఇంకో ముక్క ఎయ్యి జనార్ధనా" అని ప్లేట్లు చాపుతారు. అతనికి మిగిలిన పెద్దరికం అంతే.

ఈ ఏడు ఉగాది దాటాక మహేష్ ఇంట్లోకి ఇనుప సామాను దిగింది. బహదూర్‌పల్లిలో ప్లాట్లు అమ్మి అమ్మి, ఆ కొత్త ఇళ్లలో ఏవేం చూశాడో అవన్నీ చేయించాడు. బంగారు రంగు పూసిన స్టీలు సోఫా, అదే రంగు కాళ్ల డైనింగ్ టేబుల్, గొలుసులకు వేలాడే ఉయ్యాల. అన్నను పిలిచి చూపించాడు. జనార్ధన్ ఉయ్యాల మీద కూర్చున్నాడు. ధోవతి లోంచి చల్లగా తగిలింది. గొలుసు పట్టుకున్నాడు, కడ్డీ తడిమాడు.

"బావా, చాయ్ గ్లాసు గా అట్ట మీద పెట్టున్రి. మరక పడ్తది," అంది మహేష్ భార్య తృప్తి.

పెట్టాడు. లేచి బయటికొచ్చి చెప్పులు వేసుకుంటూ కిటికీలోంచి చూశాడు. తృప్తి మెత్తటి గుడ్డ తెచ్చి, సరిగ్గా అతను పట్టుకున్న చోటే తుడుస్తోంది.

"ఎట్లున్నది?" ఇంటికి రాగానే అడిగింది జయమ్మ.

"ఏమున్నది. ఇనుమే గద."

"బంగారు రంగంట?"

"రంగు బంగారమే. లోపట ఇనుమే."

అన్నాడే గానీ ఆ పూట అన్నం సగంలో వదిలి చెయ్యి కడిగాడు. నవారు మంచం వైపు, ప్లాస్టిక్ కుర్చీల వైపు చూశాడు. నిన్నటిదాకా అవి కూర్చునే కుర్చీలు. ఇవాళ పాత కుర్చీలు.

అదొక్కటైతే మింగేవాడేమో. ఆషాఢం పోతుండగా మేడ్చల్ నుంచి మేనత్త విజయమ్మ ఫోన్ చేసింది.

"జనార్ధనా, నా మోకాళ్లు వంగుతలేవు బిడ్డా. గీసారి మహేషు ఇంట్ల టేబుల్ మీద తిందం. కూర నువ్వే వండియ్యి. ఏమైతది?"

"జూద్దం అత్తా," అని పెట్టేశాడు. ఫోన్ మాత్రం చేతిలోనే ఉంది.

"వండెటోన్ని నేను, తినుడు వానింట్లనా?" అన్నాడు గోడతో.

కండ్లకోయలో ఒక కాలేజీ క్యాంటీన్‌కు అతను పాలు పోస్తాడు. అక్కడి బల్లలకు బెంచీలు అతికే ఉంటాయి. ఎంతమంది పిల్లలు ఎగబడినా కదలవు. మర్నాడు పాల క్యాను దించుతూ ఆ బల్లను చేత్తో ఊపి చూశాడు. కదల్లేదు. మహేష్ కుర్చీలను తృప్తి ఒంటిచేత్తో జరుపుతుంది.

ఆ సాయంత్రం జయమ్మ కరివేపాకు అడగడానికి గోడ అవతలికి పోయింది. తృప్తి పెరట్లోకి పోయేదాకా ఆగి, టేబుల్ మీద ఒరిగినట్టు ఒరిగి, మోచేయి ఆనించి కొలుచుకొచ్చింది.

"ఐదు మూరల పొడుగు. రెండున్నర ఎడల్పు."

"మనది ఆరు మూరలు. ఎడల్పు మూడు," అన్నాడు జనార్ధన్.

గుండ్లపోచంపల్లిలో, గోడౌన్ల పక్కన సత్తార్‌కు వెల్డింగ్ దుకాణం ఉంది. జనార్ధన్ పోయి అక్కడి నేల మీద తన మోచేయి పెట్టి మూరలు వేశాడు. జయమ్మ పొట్టి మనిషి. అతను చెట్టంత మనిషి. ఆ సంగతి అతనికి తట్టలేదు.

సత్తార్ సుద్దముక్కతో గీతలు గీసి వెనక్కి జరిగాడు. "మస్తు పెద్దగైతాంది పటేలా. టేపు పెట్టి జూద్దమా?"

"టేపెందుకు? మూర అబద్ధమాడ్తదా?"

"సరే తీ. ఈడనే జేసి ట్రాలీల పంపిస్త."

"వద్దు. పైపులు దెచ్చి నా ఇంట్లనే అతుకు. ట్రాలీల వస్తె వాడు సూడడా? సూస్తె ఇంతకన్న పెద్దది జేపిస్తడు."

సత్తార్ నవ్వాడు. "మీ అన్నదమ్ములు సల్లగుండాలె పటేలా. మా దుకాణం నడుస్తది."

తలుపులు వేసి, కిటికీలకు గోనెసంచులు కట్టి హాల్లో వెల్డింగ్ చేయించాడు. సందుల్లోంచి నీలంగా వెలుగు చిమ్ముతుంటే మహేష్ గోడ మీదికి వంగాడు.

"అన్నా! ఇంట్ల మెరుపులొస్తున్నయేంది?"

"కరెంటు పని."

బల్ల తయారైంది. నున్నటి స్టీలు రేకు, మందపాటి పైపు కాళ్లు, రెండు వైపులా అతికిన బెంచీలు. హాలంతా అదే అయింది. బీరువా తలుపు తెరుచుకోదు. వంటింట్లోకి పోవాలంటే గోడకు వీపు రాసుకుంటూ పక్కవాటుగా పోవాలి. జయమ్మ రెండుసార్లు మోకాలు కొట్టుకుంది. అయినా మోకాలు రుద్దుకుని బల్ల మీద చీరలు సర్దింది. తృప్తి గుడ్డతో తుడిచిన సంగతి మొగుడు చెప్పినప్పటి నుంచి ఆమె కూడా మరిచిపోలేదు.

*

బోనం చెల్లింది. చుట్టాలు పసుపు కాళ్లతో తిరిగొచ్చి షామియానా కింద నిలబడ్డారు. వంటింట్లోంచి యాట కూర వాసన వస్తోంది. జనార్ధన్ అందరినీ దర్వాజ దగ్గరికి పిలిచి, బల్ల మీది చీరలు లాగాడు.

"ఓయమ్మో!" అంది విజయమ్మ. జనార్ధన్ ఆమెను చూడలేదు, తమ్ముడినే చూశాడు. మహేష్ నోరు కొంచెం తెరుచుకుని ఉంది. ఇన్నాళ్ల నుంచి జనార్ధన్ ఎదురుచూసింది ఆ నోటి కోసమే.

"పట్టున్రి. బయటికి దెద్దం," అన్నాడు.

ఆరుగురు పట్టారు. నిటారుగా తెస్తే బెంచీలు దర్వాజకు తగిలాయి. పక్కకు తిప్పితే పైబెంచీ దర్వాజ పైకమ్మీకి కొట్టుకుంది. ఏటవాలుగా వంచి నెట్టారు. సగం వచ్చింది. ఆ సగం దగ్గరే ఇరుక్కుంది. వెనక్కి గుంజితే వెనక్కీ రాదు.

"దర్వాజ పీకుదమా?" అన్నాడెవరో.

"ఇల్లే పీకుదం," అన్నాడు ఇంకొకడు. నవ్వులు.

జనార్ధన్ సత్తార్‌కు ఫోన్ కలిపాడు. "బల్ల బయటికొస్తలేదు భాయ్!"

"బయటికెందుకు పటేలా? ఇంట్ల జెయ్యమన్నవు, ఇంట్లనే ఉంటదనుకున్న."

అప్పుడే వాన మొదలైంది. షామియానా నడుమ నీళ్లు నిండి పొట్టలా కిందికి దిగింది. లోపలికి పోదామంటే దారికి అడ్డంగా బల్ల. ఏటా బంతి సాగే హాలు నేల మీద కూడా దాని మిగతా సగమే ఉంది. పిల్లల్ని చంకనేసుకుని అందరూ మహేష్ ఇంట్లోకి ఉరికారు.

"కూర గిన్నె ఎనక తలుపుకెళ్లి ఈడికే తేరాదే జయమ్మా! ఆకలైతాంది," అని విజయమ్మ బంగారు రంగు కుర్చీలోంచి కేకేసింది.

జయమ్మ మొగుడి వైపు చూసింది. అతను తల తిప్పుకున్నాడు. గిన్నెలు పెరటి దారిన తడుచుకుంటూ పోయాయి.

జనార్ధన్ పోలేదు. వంటింటి కిటికీ దగ్గర నిలబడ్డాడు. అక్కడికి మహేష్ హాలు కనబడుతుంది. బురద కాళ్లు సోఫా మీదున్నాయి, కూర చేతులు ఉయ్యాల గొలుసుల మీదున్నాయి. తృప్తి గుడ్డ పట్టుకుని ఎటు తుడవాలో తెలియక నిలబడింది. అదంతా అతని కంటికి ఆనలేదు. అతనికి గంటె ఒక్కటే కనబడింది. అది మహేష్ చేతిలో ఉంది.

"ఇంకో ముక్క ఎయ్యి మహేషూ!" విజయమ్మ గొంతు వానలో కూడా స్పష్టంగా వినబడింది.

బంతి లేచాక మహేష్ నలుగురిని తీసుకుని వచ్చాడు. వాళ్లు బయట నుంచి భుజాలతో ఒక్క తోపు తోశారు. బల్ల కమ్మీని చెక్కుకుంటూ లోపలికి జారి ధడాలున నేలకు కూర్చుంది. తోసినవాళ్లు పోయారు. మహేష్ పోలేదు.

"తిన్నవా అన్నా?"

"ఆకలైతలేదు."

"నేను గూడ తినలే. అందరికి ఏసుట్లనె సరిపాయె. వదినా, ప్లేట్లు దే."

తృప్తి మిగిలిన కూర గిన్నె తెచ్చి బల్ల మీద పెట్టింది. కొంగు పట్టుకుని, కాలెత్తి, బెంచీ దాటి కూర్చుంది. ఆమె తడిచేతి ముద్ర స్టీలు రేకు మీద ఐదు వేళ్లతో పడింది. జయమ్మ చెయ్యి భుజం మీది తువ్వాల దాకా పోయి ఆగింది.

జనార్ధన్ వచ్చి తమ్ముడికి ఎదురుగా కూర్చున్నాడు. జయమ్మ అన్నం పెట్టింది. గంటె గిన్నెలోనే ఉంది. ఎవరూ ముట్టలేదు. కాసేపటికి జనార్ధనే తీసుకుని నలుగురికీ వేశాడు.

పైన రేకుల మీద వాన పడుతోంది. కింద నలుగురూ తింటున్నారు. జనార్ధన్ రెండో ముద్ద ఎత్తబోతూ చూశాడు. మహేష్ కుడిచెయ్యి అన్నంలో ఉంది. ఎడమచెయ్యి బల్ల అంచు మీద ఉంది. బొటనవేలు ఆనించి, చిటికెనవేలు చాచి, మెల్లగా జానలు వేస్తోంది. ఒకటి, ఇంకొకటి. అందినంత దూరం పోయి, మళ్లీ మొదటికొచ్చింది.

జనార్ధన్ గిన్నెలో గంటె తిప్పి మూలుగ బొక్క వెతికి తమ్ముడి ప్లేట్లో వేశాడు. మహేష్ ఎడమచెయ్యి ఆగింది. తల ఎత్తకుండానే ఆ బొక్కను నోట్లో పెట్టుకున్నాడు. జనార్ధన్ కూడా తల వంచి, ప్లేటులో అన్నం మొత్తం తిన్నాడు.