అంచు లేని బట్ట

విభూది బుధవారం నాడు నుదుట బూడిద పెట్టించుకుని గుడి మెట్లు దిగుతూ రాజక్క ఒక మొక్కు మొక్కుకుంది. క్రైస్తవులు ఉపవాసాలుండే ఈ నలభై రోజుల తపస్సు కాలం ముగిసేలోగా అన్న మొండయ్య పిల్లలు కడుపునిండా తినాలి, అదీ తన చేతి మీదుగా తినాలి. మొదటి కోరిక న్యాయమైనదే. రెండోది అత్యాశ. ఆ సంగతి దేవుడికి తెలుసు, మొండయ్య ఎలాంటివాడో కూడా ఆయనకు తెలుసు.

రాజక్క ఓరుగల్లులో మిషన్ బడి బోర్డింగుకు వంటమనిషి. పుట్టింది కాశిబుగ్గ సాలెల ఇంట్లో. పదిహేడేళ్లకే మొగుడు పోతే ఇటు అత్తింటికీ అటు పుట్టింటికీ బరువై, చివరికి సిస్టర్ల పంచన చేరి జ్ఞానస్నానం తీసుకుని కిరస్తానీ అయింది. వాళ్లు పెట్టిన పేరు ఫిలోమినమ్మ. పాపం, ఆ పేరుతో పిలిచేవాళ్లు ఒక్కరూ లేరు, రిజిస్టరులో పడి ఉంది. ఆ నాటి నుంచి తొమ్మిదేళ్లుగా మొండయ్య చెల్లెలి చేతి మంచినీళ్లు ముట్టలేదు. అలాగని పగేమీ లేదు. వారానికోసారి బడి గేటు దగ్గరికి వచ్చి "మంచిగున్నవా చెల్లె" అని అడుగుతాడు, బతుకమ్మకు చీర తెచ్చిస్తాడు. తిండి దగ్గరికి వచ్చేసరికే వాళ్లిద్దరి మధ్య గోడ లేస్తుంది.

ఆ ఏడు యుద్ధం ఎక్కడో సముద్రాల అవతల జరుగుతుంటే కాశిబుగ్గలో మగ్గాలు ఆగిపోయాయి. నూలుకు కంట్రోలు పెట్టారు. కంట్రోలు దుకాణంలో కాగితాలు దొరికేవి, నూలు దొరికేది కాదు. మొండయ్య మగ్గం గుంటలో పిల్లి ఈనింది. ఇంట్లో ఇద్దరు పిల్లలు, సారలమ్మ, కట్టయ్య, పూటకింత గంజి తాగి పడుకునేవారు.

ఇక్కడ బడిలో చూస్తే తపస్సు కాలం వాడుక ఒకటుంది. ప్రతి పిల్లా పొద్దున పిడికెడు బియ్యమో జొన్నలో తెచ్చి వంటింటి గుమ్మంలో పెట్టిన కుండలో పోయాలి. అవి లేనివాళ్ల కోసం. పిల్లల భక్తి పిల్లలదే. ఒక పెద్దింటి పిల్ల చిటికెడు పోసి, పిడికెడు పోసినదానికంటే పెద్ద సిలువ గుర్తు వేసుకునేది. రాజక్క నవ్వుకుని ఊరుకునేది. రెండు వారాలకే కుండ నిండింది. ఆ గింజలు తన అన్నకు ఇద్దామని అడిగితే పెద్ద సిస్టరు బెనెడిక్టా సరేనంది. రాజక్క స్వయంగా మూట కట్టుకుని కాశిబుగ్గ పోయింది.

మొండయ్య మూట వైపు చూడనైనా లేదు. "ధర్మానికొచ్చిన గింజలు మా ఇంట్ల ఉడకయ్ చెల్లె. పని ఉంటె జెప్పు, చేస్త. కూలి ఇయ్యి, తీస్కుంట" అన్నాడు. వదిన అనసూర్య తలుపు చాటు నుంచి మూటను చూసిన చూపు రాజక్కను వారం రోజులు నిద్రపోనివ్వలేదు.

అయితే దేవుడు పని కూడా చూపించాడు. తపస్సు కాలం చివరి రెండు వారాలూ గుడిలో స్వరూపాలకు, అంటే విగ్రహాలన్నిటికీ, ఊదా రంగు ముసుగులు కప్పుతారు. పాత ముసుగులను చెదలు తినేశాయి. బెజవాడ మఠం వాళ్లు ఊదా నూలు చిలపలు పంపారు కానీ నేసేవాళ్లు లేరు. రాజక్క ఎగిరి గంతేసినంత పనిచేసింది. "మా అన్న నేస్తడు సిస్టరమ్మా. కూలి కింద కుండల గింజలిద్దాం."

సిస్టరు బెనెడిక్టా మంగళూరు మనిషి. తెలుగు పుస్తకంలో నేర్చుకుంది. "మంచిది. కానీ జ్ఞాపకముంచుకొనుము, అంచు ఉండరాదు. అలంకారము ఏదియు ఉండరాదు. ఇది దుఃఖ వస్త్రము."

రాజక్క తలూపింది. సాలెల ఇంట్లో పుట్టినదానికి ఇది వేరే చెప్పాలా? అంచు లేని బట్ట పీనుగుకే నేస్తారు. దేవుడికి నెయ్యమంటే మొండయ్య మగ్గం దిగిపోతాడు. అందుకని కాశిబుగ్గ పోయి, "దేవునికి కప్పే బట్టన్నా, పన్నెండు గజాలు" అని అంతవరకే చెప్పింది. ఉన్నదంతా ఊదా నూలే, అంచుకు వేరే రంగు ఎక్కడ తెస్తాడులే అనుకుంది. తెలివి ఎక్కువైతే ఇట్లాగే అవుతుంది.

ముసుగులు కప్పాల్సిన శనివారం పొద్దున మొండయ్య స్నానం చేసి, బట్ట భుజాన వేసుకుని బడికొచ్చాడు. వరండాలో బల్ల మీద పరిచాడు. ఊదా బట్టకు రెండు వైపులా జానెడు ఎర్రంచు. కూతురి పెళ్లికని అటక మీద దాచుకున్న ఎర్ర నూలు, ఇంట్లో మిగిలిన ఆఖరి నూలు, అంతా తెచ్చి దేవుడికి పెట్టాడు.

సిస్టరు బెనెడిక్టా అంచును వేలితో తాకింది. "ఎంత అందముగా ఉన్నది" అని, ఆ మాటకు తనే బాధపడినట్టు ఆగింది. "కానీ దీనిని కప్పజాలము. నేను చెప్పితిని కదా, ఫిలోమినమ్మా?"

మొండయ్య చెల్లెలి వైపు తిరిగాడు. "ఏంది? నేతల తప్పు పోయిందా?"

"నేతల ఏం తప్పు లేదన్నా. అంచుండొద్దట."

"అంచు లేకుండ దేవునికెట్ల గప్పుతరే? పీనుగా?"

ఇక దాచి లాభం లేదు. రాజక్క కొంగు నోటికి అడ్డం పెట్టుకుని చెప్పేసింది. "అవునన్నా. గీ దినాలల్ల ఆయన సచ్చిపోతడు. ఆయనకు దుఃఖంగ ఉంటం మేము. నేనే జెప్పలే. జెప్తె నువ్వు నెయ్యవని."

మొండయ్య బట్ట మడత విప్పి, అంచు మొదలును పంటితో కొరికి, రెండు చేతులా పట్టి లాగాడు. పన్నెండు గజాల పొడవునా బట్ట చిరుగుతున్న చప్పుడుకు తరగతిలో ఎక్కాలు చదువుతున్న పిల్లలు కూడా ఆగి చూశారు. రెండో అంచూ అలాగే లాగేశాడు. ఎర్ర పేలికలు చుట్టచుట్టి మొలలో దోపుకున్నాడు.

"ముందే జెప్తె సాఫ్ గ నేసిద్దును గదా" అన్నాడు అంతే. తిట్టినా బాగుండేదని రాజక్కకు అనిపించింది.

ఆమె లోపలికి పరుగెత్తి గింజల మూట తెచ్చింది. మొండయ్య రెండడుగులు వెనక్కి వేశాడు. "వద్దు. పీనుగు బట్టకు కూలి తీస్కోవద్దని మా అయ్య జెప్పిండు. ఏడు తరాల నుంచి తీస్కోలే."

రాజక్క అక్కడే కూలబడింది. ఏడ్చింది. సిగ్గూ ఎగ్గూ లేకుండా, సిస్టరు ముందరే, నోరు తెరిచి ఏడ్చింది. "పిల్లగాండ్లు సస్తరన్నా! నీ నేమం పాడుగాను, ఏం జేసినా గింజ పోనియ్యవు ఇంట్లకు!"

మొండయ్యకు ఆడవాళ్లు ఏడిస్తే కాళ్లూ చేతులూ ఆడవు. కాసేపు నిలబడి, పక్కనే గొంతుక్కూర్చున్నాడు. మెల్లగా అడిగాడు. "ఆయన నీకేమైతడు?"

"అయ్యనుకో."

"నీకు అయ్యైతె నాకూ అయ్యే గదా. నీకు మైలైతె నాకు మైల గాదా?" తల గోక్కున్నాడు. "మైలల అందరొక్కటే. సావింట్ల పెట్టిన ముద్ద వద్దనొద్దు, అది గూడ మా అయ్యే జెప్పిండు. ఎన్ని దినాలుంటది మైల?"

రాజక్క ముక్కు తుడుచుకుంది. "రెండు వారాలు. అవతల శనారం పొద్దున గంటలు గొడ్తరు. అప్పుడు లేస్తడు."

"ఎవలు?"

"ఆయనే. సచ్చినాయన."

మొండయ్య దీని గురించి కాస్త ఆలోచించాడు కానీ వాదించలేదు. "గట్లైతె గంట గొట్టెదాంక వస్తం. లేసినంక రాం."

ఆ మధ్యాహ్నమే వచ్చాడు, భార్యాపిల్లలను వెంటబెట్టుకుని. వంటింటి వెనుక అరుగు మీద నలుగురూ వరసగా కూర్చున్నారు. మోదుగాకు విస్తరిలో చెల్లెలు వడ్డించిన అన్నం మొండయ్య తిన్నాడు. తొమ్మిదేళ్ల తర్వాత అన్న చేయి తను వండిన అన్నం కలుపుతుంటే రాజక్క గరిటె పట్టుకుని గోడ వైపు తిరిగి నిలబడింది. తర్వాతి రోజూ వచ్చారు, ఆ తర్వాతి రోజూ. కట్టయ్య బుగ్గలు కొంచెం నిండాయి. సారలమ్మ రెండోసారి వడ్డించమని నోరు తెరిచి అడగడం నేర్చుకుంది. గుడిలో మరియమ్మ తల్లికీ, ఆమె పెనిమిటి జోజప్పగారికీ మొండయ్య నేసిన ముసుగులు కప్పి ఉన్నాయి. ఉన్న మాట ఒప్పుకోవాలి, సిలువ మార్గం ప్రార్థన చేస్తూ వాటిని చూసినప్పుడల్లా రాజక్క ఆ ముసుగులు ఇంకో నెల అట్లాగే ఉంటే బాగుండునని కోరుకునేది. అది పాపమని తెలిసే కోరుకునేది.

గురువారం పూజ తర్వాత గంటలు ఆపేశారు. శుక్రవారం గుడి బోసిపోయింది. శనివారం పొద్దుటి పూజలో గంటలు మోగించి ముసుగులు తీయడం ఆ రోజుల్లో పద్ధతి. తెల్లవారుతూనే రాజక్క కాశిబుగ్గకు కబురు పంపింది, జర జల్ది రమ్మని. తొమ్మిదేళ్లలో మొదటిసారి పెద్ద శనివారం పూజకు పోకుండా పొయ్యి దగ్గరే ఉండిపోయింది.

నలుగురూ వచ్చి కూర్చున్నారు. రాజక్క వేడివేడి అన్నం వడ్డించింది, పప్పు పోసింది. మొండయ్య రెండు ముద్దలు తిని మూడోది కలుపుతున్నాడు. అప్పుడు గుడి గంట మోగింది. ఒకటి కాదు, పెద్ద గంటా చిన్న గంటలూ కలిసి, రెండు రోజుల మౌనమంతా ఒక్కసారి వదిలించుకుంటూ మోగాయి. బోర్డింగు పిల్లల పాట గోడలు దాటి వచ్చింది.

మొండయ్య చేయి విస్తరిలోనే ఆగిపోయింది. పిల్లలు తండ్రి మొహం చూశారు. సారలమ్మ నోట్లో ముద్ద మింగకుండా అట్లాగే పెట్టుకుంది. అనసూర్య తల దించుకుంది.

"లేసిండా?" అని అడిగాడు మొండయ్య.

రాజక్క ఒకసారి గుడి వైపు చూసింది, ఒకసారి పిల్లల వైపు చూసింది. ఎన్నడూ అబద్ధమాడని మనిషి.

"ఇంక లేవలేదన్నా. తిను."

గంటలు మోగుతూనే ఉన్నాయి. మొండయ్య అవి ఆగేదాకా విన్నాడు. తర్వాత విస్తరిని కొంచెం ముందుకు జరిపాడు.

"జర పప్పు పొయ్యి చెల్లె" అన్నాడు.